పల్లెవెలుగు తిరిగే దారులు

ఒకప్పటి చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలు అనే మాట ఒకటుంది. జిల్లాల హద్దులు చెరిపి మళ్లీ గీసినా ఆ మాట మాత్రం పోలేదు. మదనపల్లె, కురబలకోట, బి.కొత్తకోట, ములకలచెరువు, తంబళ్లపల్లె, వాయల్పాడు, గుర్రంకొండ, ఈ వైపునంతా కలిపి అలాగే అంటారు. అనడంలో కాస్త జాలి కూడా ఉంటుంది. వెయ్యి అడుగులు దింపినా బోరులో తడి తగలని నేల కదా! ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కన పారబోసిన టమాటాలు, నీళ్ల ట్యాంకరు చుట్టూ బిందెల వరసలు, పత్రికల్లో ఈ ప్రాంతం కనబడేది ఎక్కువగా ఇలాంటి ఫొటోల్లోనే. నేను ఈ పూట చెప్పబోయేది మరో సంగతి. సైకిలు తొక్కేవాళ్లకు తెలుగునాట ఇంతగా అచ్చివచ్చే నేల నాకు మరొకటి తగల్లేదు.

మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. కోస్తాలో ఫ్యాన్లు ఆగని అక్టోబరులో ఇక్కడ తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటారు. ఈ గాలి విలువ ముందుగా పసిగట్టినవాళ్లు డాక్టర్లు. క్షయకు మందు లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. అప్పుడే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసింది. 1919లో దక్షిణాదిన తిరుగుతూ అలసిపోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా ఈ ఊళ్లోనే ఆగారు. బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే జనగణమనను తానే ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ కాలేజీ ఇప్పటికీ ఊరి నడిబొడ్డునే ఉంది. పొద్దున్నే సైకిలు మీద బయలుదేరితే దాని ప్రహరీ పక్కనుంచే పోవచ్చు.

గాలి బాగుంటే చాలదు, దారి కూడా ఉండాలి. మంచి దారిని పట్టుకోవడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటే. ఆ రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు తిరుగుతుందా? రోజుకు ఎన్ని సార్లు? అసలు బస్సే లేదంటే ఆ రోడ్డు ఎక్కడో ఒకచోట కంకర తేలి, బండిబాటగా మారి, ఎవరి మామిడితోటలోనో ముగుస్తుంది. ఫోనులో మ్యాపు చూసుకుని పోతే ఇది తెలియదు. అందులో తారురోడ్డూ, ట్రాక్టరు తొక్కిన బాటా ఒకే సన్నగీతగా కనబడతాయి. అలాగని అరగంటకో బస్సు ఉందంటే లారీలు, కార్లు కూడా ఉన్నట్టే లెక్క. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యాహ్నం వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు, అలాంటి రోడ్డు మనది. బస్సు కోసమని తారు వేస్తారు, గుంతలు పూడుస్తారు. బస్సు పోయాక ఆ రోడ్డంతా మేకలకూ, స్కూలు పిల్లలకూ, మనకూ మిగులుతుంది. మ్యాపు కన్నా బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి మేలు.

పెద్ద రోడ్లు వెడల్పయిన కొద్దీ ఈ చిన్న రోడ్లు ఇంకా ఖాళీ అయ్యాయి. కడప వైపు నుంచి రాయచోటి మీదుగా అంగళ్లు అనే ఊరికి వచ్చే రోడ్డు, కదిరి నుంచి మదనపల్లె మీదుగా పలమనేరుకు పోయే రోడ్డు, ఇవి రెండూ లారీల దారులు. ఆ రెంటి మధ్య చిక్కుకున్న పల్లెల దారులు మాత్రం ఎడ్లబండ్ల నాటి తీరుగానే ఉన్నాయి. సంతకు, గుడికి, చెరువుకు, మళ్లీ ఇంకో ఊరికి. బెంగళూరు నుంచి సైకిళ్ల మీద వచ్చే కుర్రాళ్లు ఈమధ్య అక్కడక్కడా కనబడుతున్నారు. దూరం 120 కిలోమీటర్లు. ఫ్రాన్సులో మొదలై మన దేశానికీ పాకిన బ్రెవే అనే పద్ధతిలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో తొక్కితే గట్టెక్కినట్టు. లెక్క చూడండి, గంటకు పదిహేను కిలోమీటర్లకు కొంచెం తక్కువే పడుతుంది. ఆ వేగానికి పాలక్యాన్లు కట్టుకుని పోయే మన పాత సైకిలు కూడా సరిపోతుంది. నేను చెప్పబోయే దారులకు పందెం సైకిళ్లు అక్కర్లేదని చెప్పడానికే ఈ లెక్క.

ఇక్కడి కొండల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఇవి ఒకదాని వెనక ఒకటి బారులు తీరిన కొండలు కావు. మైదానంలో ఉన్నట్టుండి ఒక గుట్ట లేస్తుంది. గుట్టంతా బండలే. ఒక బండ మీద ఇంకో బండ, ఇప్పుడో అప్పుడో దొర్లిపడుతుందేమో అన్నట్టు. ఇదంతా నల్లరాయి జాతి. వాన నీటిని లోపలికి పీల్చుకోదు. పడ్డ వాన పడ్డట్టే కిందికి జారిపోతుంది. అందుకే పూర్వులు రెండు గుట్టల మధ్య అడ్డంగా కట్ట వేసి నీళ్లు పట్టారు, కట్ట కింద పొలం, పొలం పక్కన ఊరు. పెద్దతిప్పసముద్రం, చిన్నతిప్పసముద్రం, ములకలచెరువు, వీటి పేర్లలోనే చెరువులు ఉన్నాయి. సైకిలు తొక్కేవాడికి ఈ కట్టడమంతా కాళ్లకు తెలుస్తుంది. ఊరు రాబోతోందంటే ముందు చిన్న ఎక్కుడు, పైకి చేరితే చెరువు కట్ట, దాని మీద బల్లపరుపు దారి, ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఎక్కడో కింద కొబ్బరిచెట్ల తలలు, ఆ తరువాత దిగుడు, దిగుడు చివర మొరవ, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు. వానలు పడ్డ ఏడు ఈ మొరవ మీద నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి. అడుగు లోతు కూడా ఉండవు, పైకి అద్దంలా ఉంటాయి, కింద మాత్రం పాచి. బ్రేకు పట్టారా, పడ్డారన్నమాటే. హ్యాండిలు తిప్పకుండా, పెడలు ఆపి, వచ్చిన ఊపుతో అలాగే వదిలేయాలి. నమ్మకం లేకపోతే దిగి తోసుకుంటూ దాటడం ఇంకా మేలు.

ఇక దారి. నన్నడిగితే మొదట పోవలసింది అందరూ ఎక్కే హార్సిలీ హిల్స్ కొండకు కాదు. వాయల్పాడు మీదుగా గుర్రంకొండకు పోవాలి.

మదనపల్లె నుంచి వాయల్పాడు దారిలో మొదట సీటీఎం వస్తుంది. సీటీఎం అంటే చిన్నతిప్పసముద్రమే, రైల్వేవాళ్లు మదనపల్లె రోడ్డు అనే స్టేషను పెట్టింది ఇక్కడ. ఊరికీ స్టేషనుకూ మధ్య పది కిలోమీటర్లకు పైగా దూరం ఉండటం మీద ఈ ప్రాంతంలో జోకులకు కొదవ లేదు. పాకాల నుంచి ధర్మవరం పోయే రైలుమార్గం ఇది. ఒకప్పుడు మీటరుగేజి, ఇప్పుడు బ్రాడ్‌గేజి. సీటీఎం దాటాక ఆ పట్టాలు కాసేపు రోడ్డుకు తోడుగా వస్తాయి. వాయల్పాడుకు వాల్మీకిపురం అనే పేరు కూడా ఉంది. పట్టాభిరాముడి గుడి ఊరికే పెద్ద గుర్తు. తిరుమల తిరుపతి దేవస్థానం కింద ఉన్న గుడి అది. గుడి దగ్గర టిఫిను దొరుకుతుంది. ఇక్కడ కడుపునిండా తినేయాలి, ముందు ఏముంటుందో చెప్పలేం.

వాయల్పాడు, గుర్రంకొండల మధ్యనే తరిగొండ. లక్ష్మీనరసింహస్వామి గుడి, చుట్టూ ఇళ్లు, కొన్ని అంగళ్లు, ఇంతే ఊరు. 1730లో ఇక్కడ వెంగమాంబ పుట్టింది. చిన్నప్పుడే పెళ్లయింది, చిన్నప్పుడే భర్త పోయాడు. విధవరాలికి లోకం పెట్టిన కట్టుబాట్లకు ఒప్పుకోక గుళ్లో కూర్చుని యోగం, కవిత్వం అంటూ గడిపిన ఆ పిల్లను ఊరు ఊరికే వదల్లేదని కథలు చెబుతారు. చివరికి తిరుమల చేరింది. ద్విపద భాగవతం రాసింది, వేంకటాచల మాహాత్మ్యం రాసింది, 1817లో అక్కడే కన్నుమూసింది. రాత్రి ఏకాంతసేవ వేళ శ్రీవారికి ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరున ఈనాటికీ సాగుతోంది. తిరుమలలో రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. అక్కడ భోంచేసినవాళ్లలో ఎంతమంది తరిగొండకు వచ్చి ఉంటారు? గుడి ముందు నిలబడి ఎటు చూసినా గుట్టలే కనబడతాయి. ఈ గుట్టల మధ్య నుంచి ఒక ఆడమనిషి ఆ రోజుల్లో ఒంటరిగా తిరుమల దారి పట్టిందంటే, ఆ ధైర్యం ఎంతటిదో సైకిలు మీద వచ్చినవాడికి కారులో వచ్చినవాడి కన్నా కొంచెం ఎక్కువ అర్థమవుతుందని నా అనుమానం.

ఈ దారిలోనే ఒక టీ కొట్టు దగ్గర జరిగిన మాటలు చెబుతాను. అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తూ ఒక అవ్వ కూర్చుని ఉంది. నెత్తిన హెల్మెట్టు, కాళ్లకు బిగుతు నిక్కరు చూసి కాసేపు ఊరుకుంది. తరువాత పలకరించింది.

"యాడికి బోతా వుండావు నాయినా?"

"గుర్రంకొండకవ్వా."

"బస్సు లేదా ఏమి?"

"ఉందవ్వా."

"దుడ్లు లేవా?"

"ఉండాయవ్వా."

"మరి ఏం పాపం జేసినావు నాయినా!"

దీనికి సమాధానం చెప్పలేక నేను టీ తాగాను. పోయేటప్పుడు పిడికెడు చెనక్కాయలు జేబులో పోసింది. ఒక మాట మాత్రం నిజం, ఎక్కుళ్ల మీద ఆకలికి ఆ చెనక్కాయలను మించింది లేదు. కాస్త బెల్లం ముక్క తోడైతే చాలు, పట్నంలో అమ్మే ఎనర్జీ జెల్ పొట్లాల మీద డబ్బు తగలెయ్యక్కర్లేదు.

గుర్రంకొండ దూరం నుంచే కనబడుతుంది. మైదానంలోంచి ఒక్క ఊపున లేచిన గుట్ట. మూడు వైపులా నిలువుగా కోసినట్టుంటుంది. కాస్త వాలు ఉన్న వైపునే గోడలు, బురుజులు కట్టారు. మిగతా వైపుల కాపలా కొండే చూసుకుంటుంది. ఈ కోట మీద ఒక గుర్రం ఉండేదనీ, అది ఉన్నంతకాలం కోటను ఎవరూ పట్టలేరనీ, ఒక మరాఠా దొంగ బండలో మేకులు కొట్టుకుంటూ పైకెక్కి దాన్ని తోలుకుపోయాడనీ ఇక్కడి కథ. చరిత్రలో కూడా మరాఠాలు, హైదర్ అలీ, నిజాం, ఇంగ్లీషువాళ్లు, అందరి కన్నూ దీని మీదే. టిప్పు సుల్తాన్‌కు మేనమామ అయిన మీర్ రజా అలీఖాన్ చేతిలో కొన్నాళ్లుంది. మూడో మైసూరు యుద్ధం నడుస్తున్న 1791లో నిజాం సేనలు దీన్ని నెలల తరబడి ముట్టడించాయి. కింద ఊరి దగ్గర మహల్ ఒకటి ఇంకా నిలబడే ఉంది. దాని వంపుల కిటికీల్లోంచి చూస్తే ఇటు కొండ, అటు పొలాలు.

ఈ కొండకు ఇంతమంది ఎందుకు కొట్టుకున్నారు అన్నది పుస్తకంలో చదివితే ఒకలా ఉంటుంది, తొక్కుకుంటూ వస్తే ఇంకోలా ఉంటుంది. కడప వైపు పల్లం నుంచి మైసూరు వైపు ఎత్తుకు ఎక్కే దారి ఇటే పోతుంది. ఎద్దులు అలసి ఆగే చోట, నీళ్లున్న చోట, నాలుగు దారులూ కనబడే చోట గుట్ట ఉంటే అక్కడ కోట లేవక మానదు. మన పిక్కలు పట్టేసే చోటే సుంకం కోసం మనిషి నిలబడి ఉంటాడు. కోట ఉన్న ఊళ్లన్నీ సైకిలుకు మంచి ఊళ్లు కావడానికి కారణం ఇదే. కోట ఎక్కడ కట్టాలో అప్పుడు నిర్ణయించిన ఎత్తుపల్లాలే ఇవాళ లారీలను పక్కదారి పట్టించాయి. పెద్ద రోడ్డు వేసే ఇంజినీరు వాలు తక్కువున్న చోటు వెతుక్కుంటాడు, పాత ఊరిని తప్పించుకుని పోతాడు. ఆయన వదిలేసిందే మనకు దక్కింది.

అయితే గుర్రంకొండ నుంచి అంగళ్లు వైపు తిరిగి రావాలంటే ఆ లారీల రోడ్డే. ఆ ముక్క నాకు నచ్చదు. వచ్చిన దారినే వెనక్కి రావడంలో తప్పేముంది? పొద్దున ఒక వైపు నుంచి పడ్డ ఎండ తిరుగుదారిలో ఇంకో వైపు నుంచి పడుతుంది, అదే గుట్ట వేరే గుట్టలా కనబడుతుంది. గుండ్రంగా తిరిగి వస్తేనే ప్రయాణం అన్న పట్టుదల ఫోనులో గీత అందంగా రావాలనుకునేవాళ్లది.

ఇక హార్సిలీ హిల్స్. ఎంత కాదన్నా అక్కడికి పోకుండా ఎవరూ ఉండరు కాబట్టి చెబుతాను. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. ఆ కడపకు కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర ఎండలు తట్టుకోలేక 1870 ప్రాంతంలో ఈ కొండ మీద బంగళా కట్టించుకున్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. అంతకుముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల ఇక్కడ ఉండేదనీ, కొండజనానికి మందూ మాకూ చేసేదనీ చెప్పుకుంటారు. ఆమె గుడి పైన ఇంకా ఉంది. దొరకు కొండ పేరు పోయింది గానీ మొక్కులు మాత్రం మల్లమ్మకే.

కొండ ఎత్తు 1265 మీటర్లు. పెద్ద రోడ్డు వదిలి మలుపు తిరిగాక పైదాకా తొమ్మిది కిలోమీటర్లు అటూ ఇటూ. సగటున వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎక్కుతుంది, మలుపుల దగ్గర అంతకన్నా ఎక్కువ. గేర్ల సైకిలున్నవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. కింద ఊపు మీద పెద్ద గేరులో మొదలుపెట్టి, కాళ్లు బరువెక్కాక దించుతారు. అప్పటికే ఆలస్యం. మలుపు తిరిగిన క్షణం నుంచే వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గొలుసు వేసేసుకుని, మాట్లాడగలిగినంత నెమ్మదిగా తొక్కితే ఎవరైనా ఎక్కుతారు. పాటలు పాడక్కర్లేదు, పక్కవాడితో రెండు మాటలు కలపగలిగితే చాలు. గేరు లేని సైకిలైతే మలుపుల దగ్గర దిగి తోసుకోండి. పాలవాళ్లు, కట్టెలవాళ్లు తరతరాలుగా చేసింది అదే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. పైకి పోయే కొద్దీ ఎండుగడ్డి, కంపచెట్లు పోయి నీలగిరి చెట్ల వాసన తగులుతుంది. అదే మీరు సగం దాటారనడానికి గుర్తు. పైన గాలిబండ అనే చోట బండ మీద నిలబడితే చొక్కా ఎగిరిపోయేంత గాలి. చెమట పట్టిన ఒంటితో అక్కడ ఎక్కువసేపు నిలబడకండి, జలుబు ఖాయం.

శని, ఆదివారాలు మాత్రం అటు పోవద్దు. కార్లు బారులు తీరి ఉంటాయి. మామూలు రోజున కూడా తొమ్మిదిలోపు పైకి చేరి దిగడం మొదలుపెట్టాలి. ఎక్కడం కన్నా దిగడమే ప్రమాదం. రిమ్మును పట్టే పాత రకం బ్రేకులైతే అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము కాలిపోయి లోపలి ట్యూబు పగిలే అవకాశం ఉంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించాలి, మలుపులో వదిలేయాలి. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే మలుపంతా దానిదే అనుకోండి. హారను వినగానే ఎడమ అంచుకు జరిగి కాలు కింద పెట్టడం ఒక్కటే మార్గం.

హార్సిలీ కొండకు కింద, కురబలకోట దాటాక తెట్టు వైపు ఒక లోయ ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషివ్యాలీ స్కూలు అక్కడే. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ లోయలో చెట్లు పెంచి, వాననీటికి అడ్డుకట్టలు వేసి ఇప్పుడు చూస్తున్న పచ్చదనం తెచ్చారు. పిట్టల కోసం వెతికేవాళ్లు ఆ చుట్టుపక్కల బండల మధ్య పసుపుగొంతు పిగిలిపిట్ట కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తారు. దక్షిణాది బండగుట్టల్లో తప్ప అది ఇంకెక్కడా బతకదు. స్కూలు లోపలికి ఎవరినీ ఊరికే రానివ్వరు, అడగడం కూడా మర్యాద కాదు. బయటి రోడ్డు చాలు. తెట్టులో వేణుగోపాలస్వామి గుడి ముందు నీళ్లు పట్టుకుని వెనక్కి రావచ్చు.

ఓపిక ఉన్నవాళ్లు బి.కొత్తకోట, ములకలచెరువు దాటి సోంపల్లె దాకా పోతారు. విజయనగర కాలపు చెన్నకేశవస్వామి గుడి, దాని ముందు ఒకే రాయిలో మలిచిన ఎత్తైన స్తంభం. దాన్ని ఆ రోజుల్లో నిలబెట్టిన తీరు తలుచుకుంటే ఎక్కి వచ్చిన అలసట చిన్నబోతుంది.

ఇవేవీ కాదు, గంటలో తిరిగి ఇంటికి రావాలి అనుకునేవాళ్లకు మదనపల్లెకు దగ్గరలోనే చిప్పిలి ఉంది. రేనాటి చోళుల శాసనాల్లో చిర్పులి అని కనబడే పట్నం ఇదేనంటారు చరిత్రకారులు. ఆ తరువాత వైదుంబులు ఏలారు. తొమ్మిదో శతాబ్దంలో సోరెమడి అనే చోట జరిగిన యుద్ధంలో చచ్చిపోయినవాళ్లకు ఎత్తిన వీరగల్లులు ఈ మండలాల్లో అక్కడక్కడా దొరికాయి. అప్పటి తెలుగు రాతలతో! నిలువెత్తు కూడా లేని రాయి, మీద కత్తి ఎత్తిన మనిషి బొమ్మ, కొన్నిటి మీద అతన్ని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. ఊరి పశువులను తోలుకుపోయే దొంగలకు ఎదురుతిరిగి పడిపోయినవాళ్లకూ ఇలాగే నిలిపారు. రాజుల కోటలు కూలిపోయాయి గానీ, ఊరికోసం చచ్చిన మామూలు మనిషి రాయి మాత్రం పొలంగట్టు మీదో, రచ్చబండ పక్కనో పసుపు కుంకుమలు పూయించుకుంటూ బతికే ఉంది. కారు అద్దంలోంచి అది సరిహద్దు రాయిలా కనబడుతుంది. సైకిలు దిగి, చెప్పులు విడిచి, దగ్గరికి పోయి చూడాలి. సుద్దముక్కతో అక్షరాల మీద గీసి ఫొటో తీసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పక్కనుంచి ఎండ పడే వేళకు పోతే అక్షరాలు వాటంతట అవే లేస్తాయి.

ఇక బండి సంగతులు నాలుగు. ఇక్కడ సైకిలుకు అసలు శత్రువు ఎక్కుడు కాదు, పల్లేరు కాయ. శనగగింజంత ఉంటుంది, ఎటు పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. రోడ్డు అంచున మట్టిలోకి దిగారంటే టైరుకు అరడజను గుచ్చుకుంటాయి. గుచ్చుకోగానే గాలి పోదు, అదే దాని మాయ. ముల్లు తానే రంధ్రానికి బిరడాగా నిలబడుతుంది. లాగేశారా, బుస్సుమంటుంది. కాబట్టి ముల్లు కనబడగానే పీకేయకండి, నీడ ఉన్న చెట్టు దాకా పోయి అప్పుడు పీకండి. ప్యాచీ వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి చూడాలి, విరిగిన ముల్లు మొన ఒకటి మిగిలిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. స్పేరు ట్యూబు, పంపు, ప్యాచీ సామాను లేకుండా ఈ రోడ్ల మీదికి రావద్దు. పంక్చరు అంగడి ఉన్న ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ. ఉన్నచోట కూడా సన్నటి టైరును చూసి ఆ తమ్ముడు తల గోక్కుంటాడు. 28 మిల్లీమీటర్లకు తక్కువ టైరు పెట్టుకోకపోవడం మంచిది.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. వాటికి నచ్చేది పరుగు. ఆగి దిగి, సైకిలును మధ్యలో అడ్డం పెట్టుకుని నిలబడితే వాటి ఆసక్తి చచ్చిపోతుంది. నీళ్లు రెండు సీసాలు తప్పనిసరి. మధ్యాహ్నం ఎక్కడైనా సంగటి, ఊరిబిండి దొరికితే తినండి, కానీ తిన్న గంట దాకా కొండ ముట్టుకోకండి.

ఇక్కడికి రావడానికి మంచి కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి హోరుమంటుంది. ఆ నెలల్లో పొద్దున గాలి లేవకముందే పడమరకు పోయి, గాలి లేచాక దాన్ని వీపున వేసుకుని వెనక్కి రావాలి. ఇంకో సంగతి, పంట చేతికొచ్చే రోజుల్లో రోడ్డే కళ్లం. రాగి కంకులు, కంది కట్టె, ఉలవ చెట్లు తారు మీద పరిచేస్తారు, బస్సు టైర్లు తొక్కితే గింజ రాలుతుందని. రాగి మీద పోతే జారడం ఒక్కటే భయం. ఉలవ అలా కాదు. దాని తీగలు వెనక గేరు మీటలోకి దూరి, గొలుసుతో పాటు చుట్టుకుని, మీటను విరిచి పారేస్తాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కాబట్టి ఏది కనబడినా దిగండి, సైకిలును భుజాన వేసుకోండి. గింజలు తొక్కకుండా అంచు వెంబడి నడవండి. పక్కనే చెట్టు కింద చేట పట్టుకుని కూర్చున్న ఇల్లాలు చూస్తూనే ఉంటుంది. ఎవరూ, ఏ ఊరూ అని అడిగి మజ్జిగ ఇస్తే వద్దనకండి.